ఒక్క వరుస కోడ్ వెనుక ఎంత పరీక్ష ఉండాలి?

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో నెల క్రితం ఒక నెట్‌వర్క్ కార్డు కొన్నాం. మారతహళ్ళి ఇంటికి తెచ్చి మా బావమరిది తన లినక్స్ కంప్యూటర్‌లో బిగించాడు. నెట్ రాలేదు. అదే పేరు, అదే డబ్బా. రెండేళ్ల క్రితం కొన్న కార్డు మాత్రం పక్క కంప్యూటర్‌లో చక్కగా పనిచేస్తోంది.

కంప్యూటర్ లోపల బిగించే ప్రతి పీసీఐ కార్డూ కంప్యూటర్‌కు ముఖ్యంగా రెండు సంఖ్యలు చెబుతుంది: తయారీదారు ఎవరు, పరికరం ఏది. ఇంటెల్ తయారీదారు సంఖ్య 8086. 1978 నాటి దాని ప్రాసెసర్ పేరు కూడా అదే. కార్డును నడిపే ప్రోగ్రామే డ్రైవర్. దానిలోని పట్టికలో ఆ సంఖ్యలు ఉంటేనే లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ కార్డును ఆ డ్రైవర్‌కు అప్పగిస్తుంది. మా కార్డు పేరు మారలేదు గానీ లోపలి చిప్ మారింది, దాంతో సంఖ్యా మారింది.

డ్రైవర్‌ను మళ్ళీ కంపైల్ చేయకుండానే, అంటే దాని కోడ్‌ను మళ్ళీ నడిచే ప్రోగ్రాంగా మార్చకుండానే, కొత్త సంఖ్యను తెలియజేసే వీలు లినక్స్‌లో ఉంది. బావమరిది అలాగే చేశాడు. కార్డు పనిచేసింది. "డ్రైవర్ పట్టికలో ఒక్క వరుస చేర్చి కెర్నల్‌కు పంపేద్దాం బావా" అన్నాడు. ఆగమన్నాను. రాత్రంతా పెద్ద ఫైళ్లు పంపి చూశాం, ఇబ్బంది లేదు. తెల్లవారి కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టి లేపితే కార్డు మాత్రం లేవలేదు.

పట్టికలో వరుస చేర్చడమంటే ఈ కార్డు నడుస్తుందని ముక్కూ ముఖం తెలియనివారికి మాట ఇవ్వడం. పరీక్షించకుండా ఇచ్చే మాట అసలు ఇవ్వకపోవడం కన్నా చెడ్డది. మద్దతు లేదని తెలిస్తే మనిషి వేరే కార్డు కొనుక్కుంటాడు. ఉందని నమ్మినవాడు పని మధ్యలో చిక్కుకుంటాడు.

సంఖ్య కలిసినా సరిపోని సందర్భాలున్నాయి. రియల్‌టెక్ సంస్థ 8168 అనే ఒకే సంఖ్య కింద ఎన్నో తరాల చిప్‌లు వచ్చాయి. అందుకే వాటిని నడిపే ఆర్8169 డ్రైవర్ కార్డులోని ఒక రిజిస్టర్ (చిప్‌లోని చిన్న నిల్వ గడి) చదివి అది ఏ తరమో తేల్చుకుంటుంది. తెలియని తరమైతే ఊహించి నడపదు. ఈ చిప్ తెలియదు, డ్రైవర్ నిర్వాహకులకు చెప్పండి అని లాగ్‌లో, అంటే కంప్యూటర్ రాసుకునే చిట్టాలో, రాసి ఆగిపోతుంది. ఆ నిగ్రహమంటే నాకు గౌరవం.

2008లో 2.6.27 కెర్నల్ పరీక్ష దశలో ఉండగా ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు కొన్నింటిలో శాశ్వత మెమరీ చెడిపోయింది. అనుమానం ముందు ఈ1000ఈ డ్రైవర్ మీద పడింది. చివరికి తేలింది వేరు: కెర్నల్‌లోనే ఉన్న ఎఫ్‌ట్రేస్ అనే భాగం రాయకూడని చోట రాసింది. పరీక్షించేవాళ్లు ఉండబట్టే కార్డులు చెడిపోతున్న సంగతి విడుదలకు ముందే బయటపడింది.

కొన్ని సంస్థలు డ్రైవర్‌ను కెర్నల్‌కు ఇవ్వకుండా జిప్ ఫైలుగా పెట్టి చేతులు దులుపుకుంటాయి. కెర్నల్ కొత్త వెర్షన్ తొమ్మిది, పది వారాలకొకటి వస్తుంది, లోపలి ఇంటర్‌ఫేస్‌లు మారుతూనే ఉంటాయి. బయట ఉన్న డ్రైవర్ ఏదో ఒక రోజు కంపైల్ కాదు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చినప్పటి నుంచి చిప్ డిజైన్‌తో ఎదిగిన ఊరు మా బెంగళూరు. ఆ ఆఫీసుల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. చిప్ ఎస్పీ రోడ్డుకు చేరకముందే దాని కోడ్ కెర్నల్‌కు చేరాలని పట్టుబట్టవలసింది వాళ్లే. చిప్ లోపలి సంగతులు తెలిసినవాళ్లూ వాళ్లే.

మా వరుస ఇంకా పంపలేదు. కార్డు సంఖ్యలు, కెర్నల్ వెర్షన్, స్లీప్ తర్వాతి లాగ్ కలిపి బావమరిది నిర్వాహకులకు రాశాడు. ఆ లోపం తేలాకే వరుస పంపుతాం.