చలానాతో పాటే పెరిగిన బేరం

హెల్మెట్ లేకుండా దొరికితే ఒకప్పుడు వంద రూపాయలతో పోయేది. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకొచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టం దాన్ని వెయ్యి చేసింది. లైసెన్సు లేకుండా బండి నడిపితే 500 కాస్తా 5,000 అయింది. తాగి నడిపితే 10,000. భయం ఉంటేనే ప్రాణాలు నిలుస్తాయన్నది ప్రభుత్వ వాదన. దాన్ని మేం కాదనం. ఎదురొచ్చే ధాన్యం ట్రాక్టరును తప్పించబోయి కాలవలోకి పోయిన బళ్లను చూసిన కోనసీమ వాళ్లకు ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

అయినా డ్రైవర్లు మండిపడుతున్నారు. అమలాపురం, పాలకొల్లు ఆటోస్టాండ్లలోనైనా, రావులపాలెంలో అరటి లోడు కోసం కాసుకున్న వ్యాన్ల దగ్గరైనా వినిపించే మాట ఒక్కటే. రూల్సు వద్దని కాదు, రోడ్డు పక్క పోలీసుల లంచం బేరం వద్దని. లెక్క తేలికే. చలానా వందగా ఉన్నప్పుడు రాయించుకుని పోయినా పెద్దగా నొప్పి తెలిసేది కాదు. అయిదు వేలనేసరికి చేతిలో పెట్టే అయిదు వందలు చవగ్గా కనిపిస్తాయి. ఖజానాకు పైసా రాదు. లైసెన్సు లేని కుర్రాడు మళ్లీ అదే బండెక్కి పోతాడు. జరిమానాలు పెంచినవాళ్లు ఈ లెక్క వేసుకోలేదేమోనని మా అనుమానం.

కాగితాలన్నీ సవ్యంగా ఉన్నవాళ్లూ ఎందుకు ఇస్తున్నారు? భీమవరం వైపు చెరువుల నుంచి రొయ్యలు ఎత్తుకొచ్చే వ్యాను సంగతే చూడండి. ఐసు కరిగేలోగా సరుకు ప్లాంటుకు చేరాలి. అరగంట ఆపితే చాలు, తప్పేమీ రాయక్కర్లేదు. డ్రైవరే జేబులో చెయ్యి పెడతాడు. ఇలా కాలయాపననే ఆయుధంగా చేసుకున్న వసూలుకు జరిమానాల పట్టికతో పనే లేదు.

డ్రైవర్లేమీ కడిగిన ముత్యాలు కారు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో లంచం ఇచ్చినవాడూ నేరస్తుడే. బలవంతంగా ఇవ్వాల్సివస్తే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చెయ్యాలి. అవినీతి నిరోధక శాఖ(ఏసీబీ)కి ఫిర్యాదుల నంబరు ఉంది. కానీ రేపు పొద్దున్న అదే సెంటరు మీదుగా పోవాల్సిన ఆటోవాలా ఆ నంబరు నొక్కుతాడా?

చట్టాన్ని అమలు చేసేవాళ్లే దాన్ని తప్పితే రెట్టింపు జరిమానా అని మోటారు వాహనాల చట్టంలోని 210బి సెక్షన్ చెబుతోంది. హెల్మెట్ పెట్టుకోని పోలీసులకు ఆ రెట్టింపు ఎన్నిసార్లు రాశారో జిల్లా ఎస్పీలు ప్రకటించాలి. తనిఖీల్లో నగదు ముట్టుకోకూడదు. బండి ఆపిన ప్రతిచోటా ఒంటిమీద కెమెరా నడుస్తుండాలి. ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లో చూపించిన కాగితాలు చెల్లుతాయని కేంద్రం ఎప్పుడో చెప్పింది కాబట్టి ఒరిజినల్స్ కోసం నిలబెట్టడం మానాలి. ఏ స్టేషన్ పరిధిలో ఎన్ని బళ్లు ఆపారో, ఎన్ని చలానాలు రాశారో నెలనెలా స్టేషన్ బోర్డు మీద పెట్టాలి. ఆపిన బళ్లు ఎక్కువై, రాసిన చలానాలు తక్కువైన చోట మిగతావాటిని ఎందుకు వదిలారో ఎస్సై సంజాయిషీ ఇవ్వాలి.