బాండోనియన్ లేని దిగులు సంగతి?

దక్షిణ అమెరికా నాట్య సంగీతమైన టాంగో మీద వచ్చిన వ్యాసంలో, అందులోని విషాదమంతా బాండోనియన్ (చేతుల్లో పట్టుకుని వాయించే, హార్మోనియం లాంటి వాద్యం) తిత్తుల్లోంచే వస్తుందని రాశారు. మరి 1917లో అర్జెంటీనా గాయకుడు కార్లోస్ గార్దెల్ పాడిన 'మి నోచే త్రిస్తే' (నా దిగులు రాత్రి) మాటేమిటి? అందులో ఉన్నవి ఆయన గొంతు, హోసే రికార్డో గిటారు, అంతే. సామ్యుయెల్ కస్త్రియోతా ఉత్త వాద్యానికి కట్టిన బాణీకి పాస్కువల్ కొంతుర్సి మాటలు రాశాడు. కథ చెప్పే టాంగో పాటకి ఒరవడి దాంతోనే పడిందంటారు.

పాటలో, ప్రియురాలు వదిలేసి పోయిన గది. గిటారు బీరువాలో వేలాడుతూనే ఉంది, అద్దం ఏడ్చినట్టు మసకబారింది, దీపం వెలగనంటోంది. ఏడుపంతా సామాన్లకే అప్పజెప్పాడు కవి! గార్దెల్ కూడా వెక్కిళ్లు పెట్టడు. గిటారు తన నడకలో తను పోతుంటే, మాటని కాస్త ఆలస్యంగా అందుకుని, తర్వాతి రెండు మాటలూ గబగబా కలిపేసి తాళంలో పడతాడు. దిగులు ఆ ఆలస్యంలోనే ఉంది.

అప్పటికి రికార్డింగులో మైకు వాడకం లేదు. రికార్డింగు యంత్రం కొమ్ములోకి గట్టిగా పాడకపోతే రికార్డులో పడదు. మెత్తటి గొంతు కావాలంటే మైకు వచ్చాక, 1930లో, ఆయనే మళ్లీ పాడింది వినండి.

1917 రికార్డు వినాలంటే కాపీ చూసి ఎంచుకోవాలి. పాత రికార్డు గరగర మొత్తం తుడిచేస్తే గిటారు మీట్లు, హల్లులు మొద్దుబారతాయి. రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరగాల్సింది 80 తిరిగితే శ్రుతి దాదాపు అర స్వరస్థానం పైకి పోతుంది, గొంతు పలచబడి పాట హుషారెక్కుతుంది. నా ఓటు గరగర ఉన్న కాపీకే.