బాక్‌స్టర్ గారూ, మాకున్నది ఒక్కటే పార్కింగ్ స్లాటు

జూబ్లీహిల్స్‌లో అద్దాల షోరూములో, ఏసీ చల్లదనంలో కొలువైన ఎర్ర పోర్షె 718 బాక్‌స్టర్ కారు గారికి,

నిజాంపేట నుంచి ఒక నెలజీతగాడు రాయునది. ఉభయకుశలోపరి. మీరు సెకండ్‌హ్యాండే అయినా ఒంటి మీద గీత కూడా లేదని షోరూము కుర్రాడు చెప్పాడు. చాలా సంతోషం. అలాగే ఉండాలంటే అక్కడే ఉండిపోవడం మీకు మంచిది. కానీ నా మనసు మాట వినడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందే ఒక సంగతి తేల్చుకుందాం. ఆదివారం పొద్దున్నే కవరు తీసి, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి, మళ్లీ కవరు కప్పేయడానికి మిమ్మల్ని కొనేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లకి కాంపౌండు ఉంటుంది, అందులో ఇంకో మూడు కార్లుంటాయి, వాటిని తుడవడానికి మనిషి ఉంటాడు. మా అపార్ట్‌మెంటులో మాకున్నది ఒకే ఒక్క స్లాటు, అదీ రెండు పిల్లర్ల మధ్య. మీరొస్తే ఇప్పుడున్న హ్యాచ్‌బ్యాక్ పోవాల్సిందే. ఆఫీసుకి మీరే, రైతుబజారుకి మీరే, మా అమ్మని షుగర్ టెస్టుకి తీసుకెళ్లేదీ మీరే. సోకు కోసం కాదు, రోజూ వాడుకోవడానికి పిలుస్తున్నాను. ఈ ఊళ్లో మీకు ఇంతకన్నా గౌరవం ఎవరిస్తారు చెప్పండి?

పెళ్లి సంబంధం చూసినట్టు మీ బయోడేటా అంతా చూశాను. రెండు లీటర్ల టర్బో ఇంజను, 300 హార్స్‌పవరు, సున్నా నుంచి వందకి 4.9 సెకన్లు, గరిష్ఠ వేగం గంటకు 275 కిలోమీటర్లు. వంక పెట్టడానికేం లేదు. కాకపోతే మీ 4.9 సెకన్ల ప్రతాపం చూడాలంటే ఎదురుగా ఓ 70 మీటర్లు ఖాళీ రోడ్డు ఉండాలి. నిజాంపేట క్రాస్‌రోడ్డు నుంచి జేఎన్‌టీయూ, హైటెక్ సిటీ, మైండ్‌స్పేస్ మీదుగా నానక్‌రామ్‌గూడ దాకా పొద్దున తొమ్మిదింటికి 70 మీటర్ల జాగా ఎక్కడన్నా ఖాళీగా కనబడిందంటే, ఈపాటికి ఎవరో అక్కడ వెంచరు వేసేసి ఉంటారు.

పోనీ దొరికిందే అనుకుందాం. సిటీలో డివైడరున్న రోడ్డు మీద కార్లు 60 దాటకూడదు. మీరు తుమ్మినంతలో 60 దాటేస్తారు. ఆ వెంటనే 1,035 రూపాయల చలానా ఫోటోతో సహా నా ఫోనుకి వస్తుంది. ఫోటో మాత్రం బాగా పడుతుంది లెండి. ఔటర్ ఉందిగా అంటారేమో. ఉంది, 158 కిలోమీటర్లు, 120 దాకా వెళ్లొచ్చు. మా హ్యాచ్‌బ్యాక్ కూడా 120 వెళ్తుంది, కాస్త వణుకుతూ. మీరు మీ సత్తాలో సగం కూడా బయటపెట్టకుండా దాని పక్కనే బుద్ధిగా నడవాలి. మీకు నామోషీ కాదా?

అసలు భయం వేగం గురించి కాదు, స్పీడ్‌బ్రేకర్ గురించి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ వాటికీ కొలతలు రాసిపెట్టింది. 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. అలాంటిదైతే దాదాపు 13 సెంటీమీటర్ల ఎత్తులో ఉండే మీ పొట్ట సుఖంగా దాటిపోతుంది. మా కాలనీ మలుపులో ఉన్నది ఆ పుస్తకం చూసి కట్టింది కాదు. మూలింటివాళ్లు స్లాబు వేయించినప్పుడు మిగిలిన కాంక్రీటు అక్కడ పోయించారు. రాత్రికి రాత్రి పోశారు, పొద్దున పాలవాడు బండితో సహా పడేదాకా ఎవరికీ తెలియలేదు. వెడల్పు ఒక అడుగు. ఎత్తు ఎంతో ఎవరూ కొలవలేదు గానీ, నడిమధ్యలో ఒక కంకరరాయి పైకి తేలి ఉంటుంది. హ్యాచ్‌బ్యాక్ అడుగుని అది ‘గర్ర్’మని గీసినప్పుడల్లా మా ఆవిడ ‘అయ్యో’ అంటుంది. మా బండికైతే ఆ ‘అయ్యో’తో సరిపోతుంది. అదే మీకు తగిలితే సర్వీసు సెంటరువాళ్లు ఎస్టిమేటు వేసి మెయిల్ పంపుతారు.

మీ పెద్దన్న పోర్షె 911 గారి కొత్త తరానికి ముక్కు పైకెత్తే ఏర్పాటు ఉందట, అదనపు డబ్బు కడితే. ఒకసారి ఎత్తిన చోటుని జీపీఎస్‌లో గుర్తుపెట్టుకుని, మళ్లీ అక్కడికి రాగానే ఆయనే ఎత్తుకుంటారట. జర్మనీలో స్పీడ్‌బ్రేకర్ ఉన్నచోటే ఉంటుంది కాబట్టి అక్కడ చెల్లుతుంది. మా దగ్గర మొన్న లేనిది నిన్న లేస్తుంది, నిన్న ఉన్నదాన్ని ఇవాళ కేబులు కోసం తవ్వేస్తారు. ఆ జ్ఞాపకశక్తి ఆయనకి టెన్షన్ తప్ప ఇంకేమీ ఇవ్వదు. వానాకాలం హైటెక్ సిటీ రైల్వే అండర్‌పాస్ సంగతి ఇప్పుడే ఎత్తను. మీకు ఈత వచ్చో రాదో తెలియకుండా ఎందుకు భయపెట్టడం.

మీ టాపు విషయానికొద్దాం. మీట నొక్కితే తొమ్మిది సెకన్లలో తెరుచుకుంటుందట. మా ఊరి ఎండలో టాపు తీసే మొనగాడెవడో నాకు తెలియదు. డిసెంబరు పొద్దున తీశామే అనుకోండి, సిగ్నల్ దగ్గర పక్కన సిటీ బస్సు ఆగుతుంది. మీరు కూర్చునే ఎత్తుకి ఆ బస్సు ఫుట్‌బోర్డు మా తలతో సమానంగా వస్తుంది. దాని మీద వేలాడే నలుగురూ మా ఒళ్లోకి చూస్తారు, నా ఫోన్లో వచ్చిన మెసేజీ నాకన్నా ముందే చదివేస్తారు. కిటికీలోంచి గుట్కా ఉమ్మేవాడు ఆ పూట మంచి మూడ్‌లో ఉండాలని దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. రెండో పక్క బైకు మీద కుర్రాళ్లు ‘అన్నా, ఒక్క రెయిజ్ అన్నా!’ అంటారు. మీ ముందు తరానికి ఆరు సిలిండర్లుండేవి, ఆ గొంతు వేరు. మీ తరం మొదలయ్యేసరికి నాలుగు చేశారు, మీ అభిమానులే మొహం చిట్లించారు. ఆ కుర్రాళ్లు అడిగి మరీ విని, ‘గింతేనా?’ అంటే నేనేం సమాధానం చెప్పాలి?

సామాన్ల విషయంలో మాత్రం మిమ్మల్ని మెచ్చుకోవాలి. ఇంజను నడుమన పెట్టుకుని ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ ఇచ్చారు. ముందు 150 లీటర్లు, వెనక 125. మా ఇంట్లో దీనిమీద సమావేశమే జరిగింది. 26 కిలోల సోనామసూరి బస్తా ముందు పడుతుంది (25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ల మీద జీఎస్టీ వేశాక బస్తా ఒక కిలో లావెక్కింది, మీకు తెలిసి ఉండదు). కూరగాయలు వెనక పెడదామంటే ఇంజను వేడికి ఇల్లు చేరేసరికి తోటకూర సగం ఉడికిపోతుందని మా అమ్మ అనుమానం. స్టెపినీ ఉండాల్సిన చోట అసలేమీ లేదు, ఒక జిగురు సీసా, చిన్న గాలిపంపు ఇచ్చారు. మా వీధి చివర పంక్చరు షాపాయనకి ఆ సీసా సంగతి చెబితే, నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూసి మళ్లీ ట్యూబు రుద్దుకోవడంలో పడిపోయాడు.

సీట్లు రెండు. మేం నలుగురం. నేను తోలుతాను కాబట్టి మిగిలింది ఒకటి. దానికోసం మా ఆవిడ, మా అమ్మ, మా పాప పోటీ పడతారనుకున్నాను. ముగ్గురూ ‘మేం క్యాబ్‌లో వస్తాంలే’ అన్నారు. వాళ్లలో ఇంత ఐకమత్యం నేనెప్పుడూ చూడలేదు.

బంధువులు మాత్రం ఉత్సాహంగా ఉన్నారు. మా బాబాయిగారబ్బాయి పెళ్లి మాఘంలో. ‘ఊరేగింపుకి పైకప్పు లేని బండి దొరికింది’ అని ఆయన మీ పేరు మీద ఇప్పటికే బ్యాండువాళ్లకి చెప్పేశాడు. పెద్దమ్మ గుడి దగ్గర వాహనపూజకి ఎవరు రావాలో కూడా ఖరారైంది. మీ వెనక టైరు 265 మిల్లీమీటర్ల వెడల్పు కాబట్టి నిమ్మకాయ ఒకటి చాలదని, పక్కపక్కన రెండు పెట్టాలని మా అత్తయ్య తీర్మానం.

డబ్బు గురించి మాట్లాడటం మర్యాద కాదు గానీ, 2017లో మీరు ఈ దేశంలో అడుగుపెట్టినప్పుడు షోరూము ధర 85 లక్షల పైమాట. ఇప్పుడు తగ్గినా మా ఫ్లాటు లోనుకి తమ్ముడయ్యేంత ఉంది. అయితే నన్నే పిచ్చివాడనడానికి లేదు. 2024 ఆగస్టులో ఖైరతాబాద్ ఆర్టీఏలో టీజీ 09 9999 అనే నంబరు వేలంలో 25.5 లక్షలకి పోయింది. కారు కాదండీ, నంబరు. నేను కనీసం నాలుగు చక్రాలున్నదాన్ని అడుగుతున్నాను.

ఇంకో మాట, మీరు నొచ్చుకోకూడదు. 1996లో మీ మొదటి తరం పుట్టి, మునిగిపోయేలా ఉన్న కంపెనీని ఒడ్డున పడేసిందంటారు. ఒడ్డున పడ్డాక కంపెనీ ఏం చేసింది? 2002లో కయెన్ అనే ఎత్తు బండి తెచ్చింది, తర్వాత మకాన్ తెచ్చింది. ఇప్పుడు వాళ్ల అమ్మకాల్లో సగానికి పైగా ఆ రెండే. మీ పెట్రోలు తరం తయారీ 2025 అక్టోబరులో ఆపేశారు. మిమ్మల్ని కన్నవాళ్లే ఎత్తు బండి నమ్ముకుని బతుకుతుంటే, రోజూ మీలోనే తిరుగుతానని మొండికేసింది నిజాంపేటలో నేనొక్కణ్ని. ఈ విధేయత మీ జర్మనీవాళ్లకి ఎవరైనా తెలియజేస్తే బాగుండును.

ఇక మిగిలింది స్లాటు. మీ వెడల్పు 1.8 మీటర్లు, రెండు పిల్లర్ల మధ్య 2.5. మీకున్నవి రెండే తలుపులు కాబట్టి అవి బాగా పొడుగు. టేపు పెట్టి చూశాను. పిల్లరుకి తగిలేలోపు నా కాలొక్కటే బయటికొస్తుంది, నేను రాను. టాపు తెరిచి పైనుంచి దిగొచ్చని మా పాప సలహా. మా వాచ్‌మన్ దాన్ని సీరియస్‌గా తీసుకుని స్టూలు తెచ్చి పెట్టాడు.

అందుకే నాలుగో అంతస్తు మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయనకి రెండు స్లాట్లు. రెండోదాంట్లో, కొడుకు డాలస్ వెళ్లిపోయినప్పటి నుంచి, కవరు కింద ఒక మారుతి 800 నిద్రపోతోంది. దాన్ని అమ్మరు, కదిలించరు. అద్దెకిమ్మంటే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ‘బండి తీసుకురా నాయనా, ఒకసారి కూర్చుని చూస్తా. నచ్చితే మాట్లాడుకుందాం’ అన్నారు. వయసు డెబ్బై దాటింది, రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. మీ సీటు నేలకి జానెడు ఎత్తులో ఉంటుందని చెప్పాను, వినిపించుకోలేదు. షోరూము కుర్రాణ్ని బతిమాలి శనివారం టెస్ట్ డ్రైవ్ ఖాయం చేశాను. మాస్టారిని ఎక్కించడం నా పూచీ. దింపడానికి వాచ్‌మన్‌నీ, పంక్చరు షాపాయననీ రమ్మన్నాను. మీరు మాత్రం దయచేసి ఆ కాసేపు టాపు తీసి ఉంచండి.

ఇట్లు,
మీ కాబోయే, లేదా కాలేకపోయే, యజమాని