ఎర్రర్ ఫొటోలో ఆఖరి లైను ఎందుకు కోసేస్తారు?

గుంటూరులో మా బ్రాడీపేట చుట్టుపక్కల పిల్లలు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ మొదలుపెట్టారంటే నాకు వాట్సాప్‌లో ఫొటోలు మొదలవుతాయి. "అన్నా, ఎర్రర్ వచ్చింది." స్క్రీన్‌ని ఫోన్‌తో పక్క నుంచి తీసిన ఫొటో, సగం గీతలు, సగం ట్యూబ్‌లైటు వెలుగు. తప్పేంటో చెప్పే ఆఖరి లైను మాత్రం అందులో ఉండదు!

పిల్లల్ని అని లాభం లేదు. ఇంటర్లో బిట్లు బట్టీ పట్టించి, ఇంజనీరింగ్‌లో ల్యాబ్ రికార్డు కాపీ చేయించి, ఇప్పుడు కోచింగ్‌లో సార్ టైప్ చేసింది చేసినట్టు కొట్టిస్తున్నారు. సార్ కోడ్‌లో ఎర్రర్ రాదు, వీళ్ల కోడ్‌లో వస్తుంది. వస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఫీజు మాత్రం ముందే కట్టించుకుంటారు.

నన్నడిగితే కొత్త లాంగ్వేజ్‌లో మొదటి పాఠం ఎర్రర్ చదవడమే. పైథాన్‌లో ఇన్‌పుట్‌తో, అంటే కీబోర్డు మీద కొట్టింది అందుకునే ఫంక్షన్‌తో, వయసు తీసుకుని దానికి ఒకటి కలపండి. టైప్‌ఎర్రర్ వస్తుంది. ఆ మెసేజ్‌లో పైనే 'మోస్ట్ రీసెంట్ కాల్ లాస్ట్' అని ఉంటుంది, అంటే అసలు గొడవ అడుగున ఉందని. అడుగు లైను చూస్తే స్ట్రింగ్‌కి (అక్షరాల వరసకి) స్ట్రింగే అతుకుతుంది, ఇంట్ (పూర్ణ సంఖ్య) అతకదు అంటుంది. మీరు 20 అని కొట్టినా ఇన్‌పుట్ చేతికిచ్చేది స్ట్రింగే. ఇంట్‌గా మార్చుకోవాల్సింది మనమే. ఇది ఎవరికి వాళ్లు పట్టుకుంటే ఇక మర్చిపోరు.

సీ లాంగ్వేజ్‌లో అయితే ఎర్రర్లు పై నుంచి చదవాలి. ఒక్క సెమీకోలన్ పోతే ఎర్రర్లు వరసకట్టొచ్చు. మొదటిది సరిచేసి మళ్లీ కంపైల్ చేస్తే (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్పిస్తే) మిగతావి చాలాసార్లు వాటంతటవే పోతాయి. పైగా కంపైలర్ చూపించిన లైను శుభ్రంగా ఉండి, తప్పు దాని పై లైనులో ఉండొచ్చు. ఇప్పటికీ టర్బో సీ అనే పాతకాలపు సాఫ్ట్‌వేర్ నీలం తెర మీద ల్యాబ్ చేయించే కాలేజీల సంగతెత్తితే నాకు బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం.

2021 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.10 నుంచి ఈ మెసేజ్‌లు బాగా మెరుగయ్యాయి. బ్రాకెట్ మూయకపోతే మూయలేదని చెప్తుంది, పేరు తప్పు కొడితే 'ఇదేనా నీ ఉద్దేశం' అని అడుగుతుంది. ఇంత మర్యాదగా చెప్తున్నా చదవకపోతే ఎలా?

జావానా పైథానా అన్న చర్చ అరండల్‌పేట టీకొట్ల దగ్గర పెట్టుకోండి, నాకు ఓపిక లేదు.

చాట్‌జీపీటీలో ఎర్రర్ పేస్ట్ చేస్తే సరిచేసిన కోడ్ వచ్చేస్తుంది, నిజమే. వాడొద్దని నేననను. "కోడ్ ఇవ్వకు, ఈ లైనుకి అర్థం చెప్పు చాలు" అని అడిగి చూడండి.