మందు మొక్కకు పురుగుమందు మరక

గంజాయి మొక్కలోని రసాయనాలపై పరిశోధన జరగాలా వద్దా అన్న వాదనకు ఎప్పుడో కాలం చెల్లింది. మత్తు కలిగించే టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రాఫెల్ మెషూలం, ఆయన సహచరుడు శుద్ధ రూపంలో వేరుచేసి దాని నిర్మాణాన్ని తేల్చిచెప్పారు. అదే మొక్కలోని, మత్తు ఎక్కించని మరో రసాయనం సీబీడీతో తయారైన ఎపిడియోలెక్స్‌ను, పసిపిల్లలను పీడించే రెండు మొండి రకాల మూర్ఛకు మందుగా 2018 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది. గంజాయిని అత్యంత కఠినమైన నియంత్రణ జాబితా నుంచి తప్పిస్తూ 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ తీసుకున్న నిర్ణయానికి 27 దేశాలు ఓటేయగా, వాటిలో భారత్ కూడా ఉంది. జమ్ములోని ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్‌కు చెందిన సంస్థ అనుమతులు పొంది ఈ మొక్కను పెంచి పరిశోధిస్తోంది. ఇదంతా ఆహ్వానించదగినదే. అయితే మొక్కలో ఏముందన్న ప్రశ్నకు దొరికిన ఆదరణ, మొక్కపై ఏం చల్లారన్న ప్రశ్నకు దొరకకపోవడమే మమ్మల్ని కలవరపెడుతోంది.

అన్ని పంటల్లాగే గంజాయికీ నల్లి, పేనుబంక, బూడిద తెగులు తప్పవు. గదుల్లో, గాజు ఇళ్లలో కిక్కిరిసి పెంచే చోట వాటి బెడద మరీ ఎక్కువ. కెనడాలో ప్రభుత్వ లైసెన్సుతో రోగులకు గంజాయి అమ్ముతున్న కంపెనీల సరుకులో మైక్లోబ్యుటానిల్ అనే తెగుళ్ల మందు అవశేషాలు బయటపడి, 2016–17లో ఆ సరుకును వెనక్కి రప్పించాల్సి వచ్చింది. ఇది మన ద్రాక్ష, మిర్చి తోటల్లోనూ బూడిద తెగులుకు కొట్టేదే. పండుతోపాటు స్వల్ప మోతాదులో కడుపులోకి పోతే పరిమితులకు లోబడిన ముప్పుగానే నిపుణులు లెక్కిస్తారు. నిప్పు తగిలితే మాత్రం అది విచ్ఛిన్నమై, హైడ్రోజన్ సైనైడ్ విషవాయువును వెలువరిస్తుంది. ఆ ఉదంతం తర్వాతే అక్కడి ఆరోగ్య శాఖ ఆకస్మిక పరీక్షలకు దిగింది. లైసెన్సు కాగితం ఉన్నంత మాత్రాన సరుకు శుభ్రమైనదని నమ్మడానికి లేదని దీంతో తేలిపోయింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆహారంలో పురుగుమందులకు నిర్ణయించే గరిష్ఠ అవశేష పరిమితులన్నీ నోటి ద్వారా తినే పదార్థాన్ని దృష్టిలో పెట్టుకొని లెక్కగట్టినవి. తిన్నది జీర్ణకోశం దాటి, కాలేయం వడపోత తర్వాతే మిగతా శరీరానికి చేరుతుంది. పీల్చిన పొగ ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. గంజాయి పొగపై 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, గాజు గొట్టంతో కాల్చినప్పుడు మొక్కపై ఉన్న పురుగుమందుల్లో 60 నుంచి 70 శాతం దాకా పొగలోకి వచ్చినట్లు తేలింది. గంజాయి నుంచి తీసే తైలాల సంగతి ఇంకొకటి. టీహెచ్‌సీ, సీబీడీల్లాగే చాలా పురుగుమందులు కూడా కొవ్వులో కరిగేవే కాబట్టి, మందును సాంద్రం చేసే ప్రక్రియే విషాన్నీ సాంద్రం చేస్తుంది. పైగా నార కోసం పెంచే హెంప్ రకాల గంజాయి నేలలోని కాడ్మియం వంటి భారలోహాలను పీల్చుకోవడంలో దిట్ట. సీబీడీ అధిక మోతాదుల్లో కాలేయం దెబ్బతింటోందనడానికి సంకేతమైన ఎంజైములను పెంచుతుందని ఎపిడియోలెక్స్ సమాచార పత్రమే హెచ్చరిస్తున్నప్పుడు, మూర్ఛతో బాధపడే పసివాడి కాలేయంపై అదనపు భారం వేసే హక్కు ఎవరికీ లేదు.

అమెరికాలో కేంద్ర చట్టం గంజాయిని నిషేధిత జాబితాలోనే ఉంచడం వల్ల, ఏ పురుగుమందు వాడవచ్చో జాతీయ స్థాయిలో నిర్ణయించే నాథుడు లేక, రాష్ట్రానికో జాబితా పుట్టుకొచ్చింది. కాలిఫోర్నియా 66 పురుగుమందులకు పరీక్ష తప్పనిసరి చేస్తే, పొరుగునున్న కెనడా 96 అంటోంది. సరిహద్దు దాటగానే మనిషి ఊపిరితిత్తులు మారిపోవు కదా!

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి మొక్క పూతను, దాని బంక అయిన చరస్‌ను నిషేధించి, ఒట్టి ఆకును నిర్వచనం నుంచి మినహాయించింది. ఆ సందులోనే గంజాయికి ఆయుర్వేదంలో ఉన్న ‘విజయ’ అనే పేరుతో తైలాలు, చుక్కల మందులు ఆన్‌లైన్ అంగళ్లకు చేరాయి. ఆయుర్వేద ఔషధ సంహిత సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసాలకు పరిమితులు విధించింది. కానీ సీసా కొన్న రోగికి దానిలోని పురుగుమందుల అవశేషాల నివేదిక చూపించే ఏర్పాటు మాత్రం లేదు. మసాలా దినుసుల అనుభవం మనకు పాఠం కావాలి. దేశంలో నమోదు కాని పురుగుమందులకు మసాలాల్లో అవశేష పరిమితిని కిలోకు 0.01 నుంచి 0.1 మిల్లీగ్రాములకు, అంటే పదిరెట్లు, 2024 ఏప్రిల్‌లో మన ఆహార భద్రతా సంస్థే సడలించింది. పరీక్షలో నెగ్గలేని సరుకు కోసం పరీక్షనే సులువు చేసే ఈ ధోరణి ఔషధ గంజాయి దాకా పాకకూడదు.

ఈ విషయంలో హైదరాబాద్‌కు చేయగలిగిన పని ఉంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉన్నాయి. అవశేషాలను లెక్కగట్టే విద్య ఈ ఊరికి కొత్తది కాదు. మరోవైపు ఆంధ్రా-ఒడిశా సరిహద్దు మన్యం నుంచి వచ్చే గంజాయి మన నగరం మీదుగానే మహారాష్ట్రకు తరలుతోంది. పోలీసులు పట్టుకున్న సరుకు బరువు, వెల ప్రకటనలకెక్కుతాయి, నమూనా గంజాయేనా కాదా అన్నంత వరకే ఫోరెన్సిక్ పరీక్ష సాగుతుంది, మిగతాది దహనమవుతుంది. తగలబెట్టే ముందు మరో చిటికెడు నమూనాను, ముఖ్యంగా గంజాయి నుంచి తీసే చిక్కటి నూనె ‘హాష్ ఆయిల్’ నమూనాను, పురుగుమందుల పరీక్షకు పంపడానికి అయ్యే ఖర్చు ఏపాటిది? ఇది గంజాయి తాగేవారికి భరోసా ఇవ్వడమేనని కొందరు అనవచ్చు. ఊపిరాడని స్థితిలో ఆసుపత్రికి వచ్చిన యువకుడు పీల్చింది ఏమిటో వైద్యుడికి తెలియాలన్నదే మా ఉద్దేశం. 1970లలో మెక్సికోలో అమెరికా సాయంతో గంజాయి తోటలపై పారాక్వాట్ చల్లితే, ఆ అవశేషాలున్న సరుకు అమెరికా యువత చేతికే చేరింది. మన పల్లెల్లో ప్రాణాలు తీస్తున్న గడ్డిమందు కూడా అదే.

విజయ తైలాల తయారీకి లైసెన్సులిచ్చే రాష్ట్ర అధికారులు, ప్రతి బ్యాచ్‌కూ స్వతంత్ర ప్రయోగశాలలో పురుగుమందుల పరీక్ష జరపాలని, నివేదికను సీసాపై క్యూఆర్ కోడ్ ద్వారా రోగికి అందుబాటులో ఉంచాలని షరతు విధించాలి. పీల్చే, చుక్కలుగా వేసుకునే రూపాలకు వేర్వేరు పరిమితులను కేంద్ర ఆయుష్ శాఖ ఖరారు చేయాలి. అంతవరకు కొత్త లైసెన్సులు ఆపడమే మంచిది.