కిస్తీ వచ్చింది, వాటా రాలేదు

బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్ దగ్గర జోబ్రా గ్రామంలో 1976లో ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ముహమ్మద్ యూనస్ మొదలుపెట్టిన చిన్న అప్పుల ప్రయోగం 1983లో గ్రామీణ్ బ్యాంకుగా మారింది. (మన గ్రామీణ బ్యాంకులకూ దానికీ పేరులో తప్ప పోలిక లేదు.) అయిదుగురు మహిళల బృందం, వారం వారం సమావేశం, ఆస్తి తాకట్టు లేని అప్పు అక్కడికి చూడవచ్చినవారందరి కంటా పడ్డాయి. ఆ బ్యాంకు వాటాల్లో అత్యధిక భాగం అప్పు తీసుకున్న మహిళలదేనన్న సంగతి, వారి పొదుపు కూడా అందులోనే ఉంటుందన్న సంగతి మాత్రం అంత తేలిగ్గా కంటికి ఆనేవి కావు.

మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో 1998లో ఈ పద్ధతిన అప్పులివ్వడం ప్రారంభించిన ఎస్‌కేఎస్ అనే సూక్ష్మరుణ సంస్థ (పేదలకు చిన్న అప్పులిచ్చేది) మొదట లాభాపేక్ష లేని సంస్థే. తరువాత బ్యాంకేతర ఆర్థిక సంస్థగా మారి, 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. ఇటువంటి సంస్థలు సభ్యుల నుంచి డిపాజిట్లు తీసుకునే వీలు లేనందువల్ల, అప్పివ్వడానికి కావలసిన సొమ్ము బ్యాంకుల నుంచో పెట్టుబడిదారుల నుంచో రావలసిందే, ఆ సొమ్ము త్వరగా పెరగాలని కోరుకోవడమూ సహజమే.

పైగా ఇక్కడ, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, నేల ఖాళీగా లేదు. డ్వాక్రా సంఘాలు, దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం తరువాత నెల్లూరు జిల్లాలో వచ్చిన పొదుపులక్ష్మి, సంఘాలకు బ్యాంకు అప్పులు అందేలా 1992లో నాబార్డు మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానం, 2000లో వచ్చిన వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకం, వీటన్నిటి వల్ల మహిళలు కలిసి కూర్చుని లెక్క చూసుకోవడానికి అప్పటికే అలవాటుపడ్డారు. సూక్ష్మరుణ సంస్థలు ఆ అలవాటు మీదే విస్తరించడంతో, సంఘంలో తీసుకున్న అప్పుకు తోడు రెండు మూడు సంస్థల కిస్తీలు ఒకే ఇంటి మీద పడ్డాయి. 2006లో కృష్ణా జిల్లా అధికారులు కొన్ని శాఖలను మూయించినా ఆ వేగం తగ్గలేదు. నెలవారీ వాయిదాలనే అనుమతిస్తూ 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వ ఆర్డినెన్సు వచ్చాక వసూళ్లు కుప్పకూలాయి. ఆ ఆర్డినెన్సు మంచిచెడ్డలు వేరే చర్చ. తమకు వాటా ఉన్న సంస్థనైతే సభ్యులు అంత సులువుగా వదులుకునేవారు కాదన్నది నా అభిప్రాయం.

బిహార్‌లో మహిళా పొదుపు సంఘాలను ఏర్పరచే జీవిక కార్యక్రమానికి మాత్రం ఆంధ్ర సంఘాల మహిళలే స్వయంగా వెళ్లి, ఊళ్లలో ఉండి, పొదుపు నుంచి తీర్మానం దాకా దగ్గరుండి నేర్పారు. దాని వెనుక ప్రభుత్వమూ ప్రపంచ బ్యాంకూ ఉన్నాయి కాబట్టి ప్రైవేటు సంస్థలతో పోలిక పూర్తిగా న్యాయం కాదు, ఆ పద్ధతి నిదానమైనది కూడా. అయినా, అక్కడి సంఘం పుస్తకాల్లో ఉన్న పొదుపు సభ్యులదే. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కూడా ఈ సంఘాల బాటనే పట్టింది.