దోషానికి పరిహారం లేదు

పెళ్లికి ముహూర్తం చూస్తాం, బోరు వెయ్యడానికి చూస్తాం, కొత్త కారుతో నిమ్మకాయలు తొక్కించడానికీ చూస్తాం. అదే కారు మనల్ని గుద్దేటప్పుడు మాత్రం ఏ పంచాంగమూ తిరగెయ్యం. నష్టపరిహారం కేసులు మురిగిపోవడానికి మన ఈ అజాగ్రత్తే కారణమని నా దృఢాభిప్రాయం.

గడువు దాటిన కేసుకి 'కాలదోషం పట్టింది' అంటారు. గ్రహదోషానికి, నాగదోషానికి పరిహారం ఉంటుంది. కాలదోషం పట్టిందా, పరిహారమే పోతుంది.

అందుకని ముందు ఏం గుద్దాలో నిర్ణయించుకోవాలి. రైలు ప్రమాదమైతే పరిహారం తేల్చే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి ఏడాది. ఫ్యాక్టరీలో చెయ్యి నలిగితే రెండేళ్లు. ఆపరేషన్ వికటిస్తే వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లు. లారీ గుద్దితే ఆర్నెల్లే. కాబట్టి లారీకి దారిచ్చి, రైలు కోసం ఆగడం విజ్ఞుల లక్షణం.

ఈ ఆర్నెల్లకి చరిత్ర ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలో పెట్టారు, తగిన కారణం చూపిస్తే ఏడాది దాకా సర్దుకున్నారు. 1994లో ఆ గడువునే ఎత్తేశారు. 2019 సవరణలో మళ్లీ తెచ్చి, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. ఈసారి కారణం చెప్పుకునే వాక్యాన్ని వెంట తీసుకురాలేదు, బరువనుకున్నారేమో. కోమాలో ఉన్నవాడు కూడా తేదీలు లెక్కపెట్టుకుంటూ ఉండాలన్నమాట. 2025 నవంబరులో సుప్రీంకోర్టు కలగజేసుకుని, గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మధ్యంతరమే సుమా! తుది మాట వచ్చేదాకా కాలో చెయ్యో విరగాల్సినవాళ్లు కాస్త ఓపిక పట్టడం మంచిది.

పోలీసులు మూడు నెలల్లో ప్రమాద నివేదిక తయారుచేసి వాహన ప్రమాదాల ట్రిబ్యునల్‌కి పంపాలని, దాన్నే దరఖాస్తుగా చూడాలని కూడా చట్టంలో ఉంది. చక్కటి ఏర్పాటు. ఆ కాగితం స్టేషన్ గడప దాటిందో లేదో కనుక్కోవడానికి మాత్రం మంచం దిగాలి.

చట్టానికి దయ లేదనకండి. ప్రమాదం జరిగిన రోజుని గడువులో లెక్కెయ్యరు, ఆ రోజు మనకి ఉచితం. ఆఖరి రోజు కోర్టుకి సెలవైతే, తలుపులు తీసిన రోజున వేసుకోవచ్చు. కాలికి రాడ్డేసుకుని పడుకున్నవాడికి లేని వెసులుబాటు కోర్టు సెలవుకి ఉంది. కనక సంక్రాంతి సెలవులకి ఆర్నెల్ల ముందు, అంటే ఆషాఢంలో, దెబ్బ తగిలించుకోవడం శ్రేయస్కరం. ఆ నెలలో ఎలాగూ పెళ్లిళ్లుండవు, వార్డుకొచ్చి పలకరించడానికి చుట్టాలకీ తీరిక.